ఆషాఢంలో ఆగే బేరం.. అమ్మేవారికి ఆరాటం

మందకొడి మాసాల్లో ఇల్లు అమ్మకం యూసుఫ్‌గూడలో ఏటా పరీక్షే
నష్టం తెస్తున్నది మాసం కాదు.. తొందరపాటు, సిద్ధంగా లేని పత్రాలే

యూసుఫ్‌గూడ, హైదరాబాద్‌: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని వారు చెప్పలేదు గానీ, యూసుఫ్‌గూడ వాసులకు ఇప్పుడు అదే పెద్ద పరీక్షగా మారింది. ఏటా ఆషాఢం ప్రవేశించగానే యూసుఫ్‌గూడ బస్తీ, కృష్ణానగర్‌, రహమత్‌నగర్‌, వెంగళరావునగర్‌, మధురానగర్‌ వీధుల్లో ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డులు కదలకుండా వేలాడుతుంటాయి. వాటి కింద రాసిన నంబరుకు ఫోన్‌ వచ్చినా అది చాలాసార్లు కొనేవారిది కాదు, మధ్యవర్తిది. ‘ఇప్పుడు ఎవరూ ముందుకు రారు, పది లక్షలు తగ్గిస్తే చూద్దాం’ అన్నది అతడి తొలి మాట. కూతురి పెళ్లికో, కొడుకు విదేశీ చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో, వ్యాపారంలో చేసిన అప్పుకో ఇల్లు అమ్మజూపిన యజమాని ఆ మాటకు బెంబేలెత్తి లక్షలు వదులుకునేందుకు సిద్ధపడుతున్నాడు.

నిజంగా ఆషాఢం వల్ల ఇంటి విలువ పడిపోతుందా? పడిపోకుంటే అమ్మకందారు ఎందుకు నష్టపోతున్నాడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతికితే తేలేది ఒక్కటే. మందకొడి మాసం ఇంటి ధరను తగ్గించదు, అమ్మకాన్ని కొన్ని వారాలు వెనక్కు నెడుతుంది. ఆ కొన్ని వారాలను పత్రాలు సరిచేసుకోవడానికి వాడుకున్నవారు బయటపడుతున్నారు. భయపడి ధర తగ్గించుకున్నవారు నష్టపోతున్నారు.

మాసం వేరు.. మాంద్యం వేరు

తెలుగునాట ఆషాఢం, పుష్యం శూన్యమాసాలుగా పేరుపడ్డాయి. భాద్రపద బహుళంలో మహాలయ పక్షాలు వస్తాయి. గురు, శుక్ర మౌఢ్యాల రోజుల్లోనూ శుభకార్యాలు నిలిచిపోతాయి. కొన్నేళ్లలో ఇవి ఒకదానివెంట ఒకటి పడి వ్యవధి మరింత పెరుగుతుంది. 2023లో ఆషాఢం ముగిసిన వెంటనే అధిక శ్రావణం రావడంతో జూన్‌ మూడోవారం మొదలుకొని ఆగస్టు మధ్య వరకు దాదాపు రెండు నెలలపాటు ముహూర్తాలకు విరామం ఏర్పడింది. అయితే ఇదంతా ముందే తెలిసిన వ్యవహారం. పంచాంగం చేతిలో ఉన్న ఎవరైనా ఏడాది ముందే లెక్క వేసుకోవచ్చు. శ్రావణం రాగానే ఆగిన కొనుగోలుదారులు మళ్లీ బయలుదేరతారు.

మాంద్యం అలా కాదు. అది చెప్పి రాదు, ఎప్పుడు పోతుందో తెలియదు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్‌ బ్రదర్స్‌ దివాలా తీయడం, 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడటం వెనువెంటనే జరగడంతో నగరంలో ఐటీ ఉద్యోగులను నమ్ముకున్న ఇళ్ల మార్కెట్‌ కుదేలైంది. 2009 చివరి నుంచి రాష్ట్ర విభజన ఉద్యమం, 2011లో సకలజనుల సమ్మె, 2014 జూన్‌ 2న తెలంగాణ ఆవిర్భావం వరకు కొనేవారు ‘చూద్దాం’ అనడమే ఎక్కువైంది. 2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దు నగదు బేరాలను ఒక్క రాత్రిలో ఆపేసింది. 2020లో కరోనా లాక్‌డౌన్‌ సరిపోదన్నట్లు, ఆ ఏడాది సెప్టెంబరు 8న ఆగిన రిజిస్ట్రేషన్లు వ్యవసాయేతర ఆస్తులకు డిసెంబరు వరకు మొదలుకాలేదు. 2024 జులైలో హైడ్రా ఏర్పడి చెరువులు, నాలాల ఆక్రమణలను కూల్చడం ఆరంభించాక, కొనేవారు ఇంటి గడప తొక్కకముందే ‘ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా’ అని అడగడం మొదలైంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుం ప్రకటించడంతో, పిల్లలు పంపే డబ్బుతో ఇళ్లు కొనాలనుకున్న తల్లిదండ్రులూ ఆలోచనలో పడ్డారు.

అమ్మకందారు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. తన ఇల్లు కదలకపోవడానికి కారణం మాసమా, మాంద్యమా, లేక ఇంట్లోనే ఉన్న లోపమా? మాసమైతే ఆగితే సరిపోతుంది. మాంద్యమైతే ఆగడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క చూసుకోవాలి. లోపమైతే ఎన్ని శ్రావణాలు వచ్చినా ఫలితం ఉండదు.

ఆగేది ముహూర్తమే.. పని కాదు

ఇల్లు కొనడమంటే ఒక్కరోజు పని కాదు. చూడటం, బేరం కుదరడం, పత్రాల పరిశీలన, బ్యాంకు రుణం, రిజిస్ట్రేషన్‌, గృహప్రవేశం అన్నవి వరుసగా సాగుతాయి. ముహూర్తపు పట్టింపు ప్రధానంగా గృహప్రవేశానికి, ఆపై అడ్వాన్సు ఇచ్చే రోజుకు, రిజిస్ట్రేషన్‌ రోజుకు. మధ్యలో న్యాయవాది పత్రాలు చదవడానికి గానీ, బ్యాంకు ఇంజినీరు వచ్చి ఇంటి విలువ కట్టడానికి గానీ తిథి వార నక్షత్రాలతో పనిలేదు. బ్యాంకు రుణం మంజూరుకు ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది.

అందువల్ల ఆషాఢంలో ఇల్లు చూసి మెచ్చినవారికి ‘మంచిరోజు వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి, ఈలోగా పత్రాల నకళ్లు తీసుకుని మీ న్యాయవాదికి, బ్యాంకుకు చూపించుకోండి’ అని చెప్పగలిగిన యజమాని తన పని సగం పూర్తిచేసినట్లే. శ్రావణంలో తొలి శుక్రవారం అడ్వాన్సు, ఆ నెలాఖరుకే రిజిస్ట్రేషన్‌ జరిగిపోయేందుకు వీలు చిక్కుతుంది. అదే పత్రాలు బీరువాలో పెట్టి, శ్రావణం వచ్చాక చూద్దామనుకున్నవారికి లీగల్‌ ఒపీనియన్‌, రుణం మంజూరు పూర్తయ్యేసరికి మహాలయ పక్షాలు ఎదురవుతాయి. బేరం దసరాకు జరుగుతుంది. నెల రోజుల మందకొడితనం నాలుగు నెలలు సాగేది ఇలాగే.

కోకాపేట ధర.. కృష్ణానగర్‌ గల్లీ

బేరాలు నిలిచిపోవడానికి రెండో కారణం యజమాని మనసులో ఉన్న ధర. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌ వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. ఆ వార్త చదివిన మరుసటి రోజే నగరంలో ప్రతి గల్లీలోనూ గజం ధర పెరిగినట్లు లెక్కలు మొదలయ్యాయి. ఆకాశహర్మ్యాలు కట్టేందుకు విశాలమైన రోడ్ల పక్కన కొన్న భూమికీ, కారు తిరగని గల్లీలో ఉన్న 80 గజాల ఇంటికీ పోలిక లేదు. స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పును బట్టే అంతస్తులకు అనుమతి లభిస్తుంది. కొనేవారు వెలకట్టేది ఆ అవకాశానికే.

జూబ్లీహిల్స్‌ పక్కనే ఉండటం యూసుఫ్‌గూడకు వరమూ, ఇబ్బందీ కూడా. చెక్‌పోస్టు దాటితే గజం ధర ఒకటి, ఇవతల మరొకటి. అవతలి ధర చూసి ఇవతల చెబితే వచ్చినవారు మళ్లీ రారు. తన వీధిలో, తన ఇంటిని పోలిన ఇల్లు గత ఏడాదిలో ఎంతకు చేతులు మారిందన్నదే నమ్మదగిన కొలత. బోర్డు మీది ధర అడిగే ధరే తప్ప, అమ్ముడైన ధర కాదు. ఇరుగుపొరుగును, ఈ ప్రాంతంలో ఇళ్లకు విలువ కట్టే ఇంజినీర్లను విచారిస్తే రెండు మూడు నిజమైన బేరాల వివరాలు దొరుకుతాయి. మొదట్లో ఎక్కువ చెప్పి నెలకోసారి తగ్గిస్తూ పోవడం మరో పొరపాటు. ఆరునెలలుగా బోర్డు వేలాడుతున్న ఇంటిని చూసి ‘ఇందులో ఏదో లిటిగేషన్‌ ఉంది’ అనుకోవడం సహజం. ఆ అనుమానం తొలగించడం ధర తగ్గించడం కంటే కష్టం.

కొనేవారు ఎక్కడో లేరు

మందకొడి రోజుల్లో తెలియని కొనుగోలుదారు కోసం ఎదురుచూడటం కంటే తెలిసినవారి తలుపు తట్టడం మేలు. యూసుఫ్‌గూడలో అలాంటివారు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటివారు పక్కింటివారు. ఇక్కడ స్థలాలు చిన్నవి. పక్క స్థలం కలిస్తే విస్తీర్ణం పెరిగి, సరైన అనుమతితో కట్టుకునే వీలు పెరుగుతుంది. బయటివారికి 70 గజాల ఇరుకు ఇల్లు, పక్కింటివారికి అదే అవసరమైన స్థలం. అందుకే వారు ఆషాఢమని ఆగరు. ఇరుగుపొరుగు కక్షల వల్ల వారికి చెప్పకుండా బయట అమ్మజూపేవారు మంచి ధరను చేతులారా వదులుకుంటున్నారు.

రెండోవారు అద్దెకుంటున్నవారు. పదేళ్లుగా అదే వీధిలో ఉండి, పిల్లల బడి, ఉద్యోగం అన్నీ ఇక్కడే అమరిన కుటుంబానికి ఇంటి మంచిచెడ్డలు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

మూడోవారు హైటెక్‌ సిటీ ఉద్యోగులు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్‌ సిటీ వరకు మెట్రో నడవడం మొదలయ్యాక యూసుఫ్‌గూడ వారికి చేరువైంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ కట్టాలి, స్వాధీనానికి ఏళ్లతరబడి ఆగాలి, అప్పటిదాకా అద్దె, వాయిదా రెండూ మోయాలి. పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు, తాళం వెంటనే చేతికొస్తుంది. అమ్మేవారు ఈ తేడాను అంకెలతో చెప్పగలిగితే కొత్త అపార్టుమెంట్ల హంగులకు దీటుగా నిలవవచ్చు.

నాలుగోవారు అద్దె రాబడి కోసం కొనేవారు, హాస్టళ్లు నడిపేవారు. వారికి ఇంటి అందంతో నిమిత్తం లేదు. నెలకు ఎంత వస్తుందన్నదే లెక్క. ఉదాహరణకు నాలుగు వాటాలకు 12 వేల చొప్పున నెలకు 48 వేలు వస్తే ఏడాదికి 5.76 లక్షలు. ఆ ఇంటికి 2.20 కోట్లు అడిగితే రాబడి 2.6 శాతమే. ఇంత తక్కువ రాబడికి కొనేవారు రేపటి ధరను నమ్ముకోవాల్సిందే. అద్దె ఒప్పందాలు, కరెంటు, నల్లా బిల్లులు చూపించకుండా ‘అరవై వేలు వస్తుంది’ అని నోటిమాటగా చెబితే వారు నమ్మరు.

ఐదో వర్గం ఒకటి ఉంది. ఇక్కడే పుట్టిపెరిగిన కలలవారు, సినీ కార్మికులు. అమీర్‌పేటలో సారథి స్టూడియో, ఆ తర్వాత 1976లో అన్నపూర్ణ స్టూడియో రాకతో, క్రమంగా పరిశ్రమ మద్రాసు నుంచి తరలిరావడంతో కృష్ణానగర్‌, ఇందిరానగర్‌ వీధులు జూనియర్‌ ఆర్టిస్టులకు, లైట్‌మెన్‌కు, మేకప్‌, కాస్ట్యూమ్‌ కళాకారులకు నెలవయ్యాయి. అద్దెలు కడుతూ ఏళ్లు గడిపినవారిలో ఇల్లు కొనాలన్న కోరిక లేనివారు అరుదు. అయితే రోజుకూలీ మీద, నగదు చెల్లింపుల మీద నడిచే జీవితానికి జీతం పత్రం ఉండదు. రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు లేనిదే బ్యాంకులు రుణం ఇవ్వడానికి జంకుతాయి. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరుతూ కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేసినప్పుడు ఈ వీధుల్లో అద్దెలకే కటకట ఏర్పడింది. కొందరికి మణికొండలోని చిత్రపురి కాలనీ నీడనిచ్చింది. మిగిలినవారిలో రిటర్నులు దాఖలు చేసుకుంటూ వచ్చిన కొద్దిమందే నిజమైన కొనుగోలుదారులు కాగలుగుతున్నారు. కాబట్టి ఇల్లు నచ్చిందని అడ్వాన్సుకు సిద్ధపడిన ప్రతివారినీ ముందుగా ‘బ్యాంకు ఎంత ఇస్తానంది’ అని అడగడం అమర్యాద కాదు. ఇరుపక్షాలకూ అది మేలు.

తెల్లకాగితం మీద తక్కువ ధర.. కొనేవారికి తలభారం

రిజిస్ట్రేషన్‌ పత్రంలో కొంత, చేతికి కొంత అన్న పాత అలవాటు ఇప్పుడు అమ్మకందారుకే ఎదురు తిరుగుతోంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణానికి ఆస్తి విలువలో 75 శాతం, 30 లక్షలకు పైబడి 75 లక్షల వరకు 80 శాతమే రుణ పరిమితి. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌ ఖర్చులు 2021 జులై 22న 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి.

కోటి రూపాయల ఇంటిని కోటికే రిజిస్టరు చేస్తే కొనేవారికి 75 లక్షల రుణం దొరుకుతుంది. సొంతంగా 25 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.50 లక్షలు కలిపి 32.50 లక్షలు చూసుకుంటే సరిపోతుంది. అదే ఇంటిని 70 లక్షలకు రాసి 30 లక్షలు నగదుగా ఇవ్వమంటే రుణం 56 లక్షలకు పడిపోతుంది. అప్పుడు సొంతంగా 44 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 5.25 లక్షలు వెరసి 49.25 లక్షలు కావాలి. అంటే దాదాపు 17 లక్షలు అదనంగా చేతిలో ఉన్నవారే ఆ ఇంటిని కొనగలరు. ఉద్యోగస్థుల్లో అలాంటివారు ఎందరు? కొనేవారు కరువైన రోజుల్లో ఉన్నవారినీ తరిమేసే షరతు ఇది.

పైగా ఇది చట్టవిరుద్ధం. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20 వేల రూపాయలు గానీ, అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. అతిక్రమిస్తే తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడుతుంది. 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్‌ ఉప ఎన్నిక జరిగినప్పుడు నియమావళి అమల్లో ఉన్నన్నాళ్లూ ఆధారాలు లేకుండా 50 వేలకు మించి నగదు తీసుకెళ్లడానికి వీల్లేకపోవడంతో, చేతి డబ్బు మీద ఆధారపడే బేరాలకు మరో అడ్డంకి ఎదురైంది. బ్యాంకు ద్వారా నడిచే బేరానికి ఆ బెడద లేదు.

పత్రాలే ఇంటికి పునాది

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉంది. యూసుఫ్‌గూడ పరిసరాల్లో ఇళ్లు ఒకే రకంగా పుట్టలేదు. కాలనీ సొసైటీల లేఅవుట్లలో వచ్చినవి కొన్ని, బస్తీల్లో నోటరీ కాగితాలపై చేతులు మారినవి కొన్ని, ప్రభుత్వ స్థలంలో వెలిసి తర్వాత పట్టా పొందినవి మరికొన్ని. చూడటానికి పక్కపక్కనే ఉన్నా వాటి విలువలో భూమ్యాకాశాల తేడా ఉంటుంది.

రిజిస్టరు దస్తావేజు ఉన్నవారు మొదట ఈసీ తీసుకోవాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో కనిపిస్తాయి. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్‌ కార్యాలయంలో వెతికించుకోవాలి. ఎప్పుడో తీర్చిన అప్పు తాలూకు తాకట్టు ఈసీలో అలాగే ఉండిపోవడం తరచూ జరిగేదే. దాన్ని రద్దు చేయించేందుకు బ్యాంకు చుట్టూ తిరగాలి. రుణం తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. లింకు దస్తావేజు పోయినవారు ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో పొరపాటున చేరిందేమో కూడా ముందుగానే చూసుకోవాలి. అడ్వాన్సు పుచ్చుకున్నాక తెలిస్తే తిరిగి ఇవ్వాల్సి వస్తుంది.

2014 డిసెంబరులో వచ్చిన జీవో 58, 59 కింద క్రమబద్ధీకరణ పొందినవారు తమ పట్టాలో అమ్మకంపై ఉన్న షరతులను చదువుకోవాలి. నోటరీ కాగితాలే ఆధారమైనవారి కోసం ప్రభుత్వం 2023 జులైలో జీవో 84 జారీ చేసింది. నోటరీ ఇంటికి బ్యాంకు రుణం దొరకదు కాబట్టి ధర ఎప్పుడూ తక్కువే పలుకుతుంది. అది మాసం వల్ల వచ్చిన తగ్గుదల కాదని యజమాని గ్రహించాలి.

అనుమతి రెండు అంతస్తులకు, కట్టింది నాలుగు, ఆపై రేకుల పెంట్‌హౌస్‌ అన్నది ఇక్కడ కొత్త కథ కాదు. 2007 డిసెంబరులో తెచ్చిన బీపీఎస్‌ను ఉపయోగించుకున్నవారు ఒడ్డున పడ్డారు. 2015లో మరోసారి బీఆర్‌ఎస్‌ పేరుతో దరఖాస్తులు తీసుకున్నా ఆ వ్యవహారం కోర్టుకెక్కింది. ఆస్తిపన్ను కట్టినంత మాత్రాన నిర్మాణం సక్రమమైపోదు. అనుమతి లేని అంతస్తుకు బ్యాంకు విలువ కట్టకపోవచ్చు. దాచిపెట్టి అమ్మాలని చూస్తే బ్యాంకు పరిశీలనలో బయటపడి బేరం చెడుతుంది. ముందే చెప్పి, దానికి తగ్గట్టు ధర చెప్పడమే మేలు.

చెల్లెలి సంతకం

తండ్రి పేరిట ఉన్న ఇంటిని కొడుకులు బేరం పెట్టడం, చివర్లో కూతుళ్ల సంతకాల దగ్గర ఆగిపోవడం మరో తరచూ కనిపించే దృశ్యం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్‌ 1985లోనే చట్టాన్ని సవరించింది. 2005లో కేంద్రం దేశమంతటికీ వర్తింపజేసింది. తండ్రి వీలునామా రాయకుండా మరణిస్తే ఆయన స్వార్జితంలోనూ భార్యకు, కుమార్తెలకు వాటా ఉంటుంది. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అన్న మాట న్యాయవాది ముందు నిలవదు.

చెల్లెలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవరాఫ్‌ అటార్నీ తెప్పించుకోవాలి. అది మన దేశంలో చేతికందిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించి చెల్లుబాటు చేయించుకోవాలి. ఈ పనికి పట్టే కాలమే ఒక్కోసారి శూన్యమాసం కంటే ఎక్కువ. అందరి సమ్మతి, ఎవరి వాటా ఎంతన్న ఒప్పందం బోర్డు పెట్టకముందే తేల్చుకుంటే బేరం మధ్యలో తగవులు రావు.

వానే అసలు తనిఖీ

ఆషాఢం అంటే వానాకాలం. జూబ్లీహిల్స్‌ ఎత్తు మీద నుంచి దిగే నీరు కృష్ణానగర్‌ వీధుల్లో వాగులా పారడం, నిలిపిన ద్విచక్ర వాహనాలు కొట్టుకుపోవడం ఏటా చూస్తున్నదే. ఇంటి గోడ చెమ్మ, పైకప్పు కారడం, మురుగు వెనక్కి తన్నడం ఈ రోజుల్లోనే బయటపడతాయి. అందుకే చాలామంది వానల్లో ఇల్లు చూపించడానికి వెనకాడతారు. నిజానికి నీరు చేరని ఇల్లు ఉన్నవారికి ఇంతకు మించిన ప్రకటన లేదు. వాన వెలిసిన గంటకు పిలిచి చూపిస్తే వంద మాటల పెట్టు.

నీరు చేరే వీధిలో ఉన్నవారు ఆ విషయం దాచలేరు. గడప ఎత్తు పెంచారా, సంపులోకి మురుగు రాకుండా ఏర్పాటు చేశారా అన్నది చూపగలగాలి. పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్‌, గోడకు సున్నం, తలుపుకు రంగు, మెట్లపై దీపం.. ఈ కొద్దిపాటి ఖర్చు తిరిగి వస్తుంది. కొనేవారు తమ ఇష్టానికి మార్చుకునే వంటగది, టైల్స్‌ మీద లక్షలు పోయడం మాత్రం వృథా. అద్దెదారులు ఉన్న ఇంటిని ఎవరికి అమ్మజూపుతున్నామో చూసుకోవాలి. రాబడి కోరేవారికి నిండుగా ఉండటమే బలం. కాపురానికి వచ్చేవారికి ఖాళీ చేసి ఇస్తామన్న తేదీ కావాలి.

ఆగితే ఎంత.. ఆగలేకపోతే ఎంత

అమ్మకందారుకు నిజమైన ఒత్తిడి పంచాంగం నుంచి కాదు, అప్పు నుంచి వస్తుంది. ఉదాహరణకు 20 లక్షల అప్పు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 40 వేలు. ఆషాఢం దాటేవరకు ఆగితే 40 వేలు, దసరా దాకా మూడు నెలలు ఆగితే లక్షా 20 వేలు అదనపు భారం. ఈ భయంతోనే పది లక్షలు తగ్గించుకుంటే, అది 25 నెలల వడ్డీతో సమానం. ఒక్క నెల ఆగలేక రెండేళ్ల వడ్డీని ఒకేసారి వదులుకున్నట్లు.

ఈ లెక్క రెండోవైపూ పనిచేస్తుంది. 95 లక్షలకు వచ్చిన బేరం కాదని కోటి కోసం ఏడాది ఆగినవారు అదనంగా ఐదు లక్షలు ఆశిస్తారు. అదే అప్పుపై ఏడాదికి వడ్డీయే 4.80 లక్షలు. చివరకు మిగిలేది 20 వేలు. అప్పు లేనివారు, అద్దె వస్తున్నవారు ఆగవచ్చు. అప్పున్నవారు ఒకటి రెండు నెలలకు మించి ఆగడం వల్ల లాభం లేదు. ఎంతవరకు తగ్గవచ్చు, ఎన్నాళ్లు ఆగవచ్చు అన్న రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్న తర్వాతే బేరానికి కూర్చోవాలి.

అడ్వాన్సు మాటున ఉచ్చు

తొందరలో ఉన్నవారిని కొందరు మధ్యవర్తులు వెతుక్కుంటూ వస్తుంటారు. నాలుగైదు లక్షలు చేతిలో పెట్టి, ఆరునెలల గడువుతో కొనుగోలు ఒప్పందం రాయించుకుంటారు. కొనేది వారు కాదు. గడువులోగా ఎక్కువ ధరకు మరొకరిని తెచ్చి తేడా జేబులో వేసుకోవడమే వ్యాపారం. ఎవరూ దొరక్కపోతే గడువు పెంచమంటారు, లేదా కోర్టుకు వెళతామంటారు. ఈలోగా ఇల్లు మరొకరికి అమ్మడానికి లేదు, అప్పు వడ్డీ ఆగదు.

జీపీఏతో కూడిన ఒప్పందాలు మరింత ప్రమాదకరం. జీపీఏ అమ్మకాల ద్వారా యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే స్పష్టం చేసింది. అయినా సంతకం పెట్టిన యజమాని మాత్రం ఏళ్లతరబడి వ్యాజ్యాల్లో చిక్కుకుంటాడు. ఒప్పందంలో కొనేవారి పేరు, మిగతా సొమ్ము చెల్లించే తేదీ, రుణం రాకపోతే అడ్వాన్సు సంగతి, గడువు దాటితే ఒప్పందం రద్దవుతుందన్న షరతు ఉండాలి. ‘లేదా వారు సూచించిన వారి పేరిట’ అన్న ఒక్క ముక్క రాయడానికి ముందు పదిసార్లు ఆలోచించాలి. మధ్యవర్తికి కమీషన్‌ ఎంత, ఎప్పుడు అన్నదీ మొదటే తేల్చుకోవాలి.

పన్ను లెక్క తప్పదు

అమ్మిన సొమ్ము మొత్తం తనదేనన్న భ్రమ కూడా కొందరిని ఇబ్బంది పెడుతోంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్‌ మినహాయించి ప్రభుత్వానికి కడతారు. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ మినహాయింపు అంతకంటే చాలా ఎక్కువ. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇంటిపై లాభానికి 12.5 శాతం మూలధన లాభాల పన్ను వర్తిస్తుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే స్వదేశంలో ఉన్న వ్యక్తులు ధరల సూచీ సర్దుబాటుతో 20 శాతం లెక్కను పోల్చుకుని ఏది తక్కువైతే దాని మేరకు కట్టవచ్చు. 2001కి ముందు నుంచి ఉన్న ఇంటికి ఆ ఏడాది ఏప్రిల్‌ 1 నాటి విలువను ఆధారంగా తీసుకోవచ్చు.

ఆ లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను మినహాయింపు ఉంది. ఆరునెలల్లోగా నిర్దేశిత బాండ్లలో 50 లక్షల వరకు పెట్టుబడి పెట్టే వీలూ ఉంది. పెళ్లికో, అప్పుకో మొత్తం ఖర్చుచేసి మరుసటి ఏడాది నోటీసు అందుకోవడం కంటే, అడ్వాన్సు పుచ్చుకునే ముందే ఒక ఆడిటరును కలవడం మంచిది.

శ్రావణం అందరికీ వస్తుంది

బోనాల ఊరేగింపులు సాగే వీధుల్లోనే ‘అమ్మబడును’ బోర్డులూ వేలాడుతుంటాయి. ఆషాఢం ముగిశాక కొన్ని బోర్డులు దిగుతాయి, కొన్ని మరుసటి ఆషాఢం దాకా అలాగే ఉంటాయి. ఆ రెండింటికీ తేడా అదృష్టంలో లేదు. ఈసీ తీసుకున్నారా, చెల్లెలి సంతకం తెచ్చుకున్నారా, తన వీధి ధర తెలుసుకున్నారా, పక్కింటివారిని అడిగారా అన్న నాలుగు ప్రశ్నల్లో ఉంది. ఒక జీవితకాలం కూడబెట్టిన ఇంటిని నెల రోజుల భయానికి అమ్ముకోవాల్సిన అగత్యం ఎవరికీ రాకూడదు. ముహూర్తం లేని నెలను పత్రాలు చక్కబెట్టుకునే నెలగా మార్చుకున్నవారికి శ్రావణంలో ధర అడిగే హక్కు దక్కుతుంది.